ఎంగిలి కంచాలు చూసే ఛంజి వదిన

ఆ రోజు ఛంజి వదిన పొయ్యి ఆర్పేసింది. బేస్ క్యాంపులో నలభై మంది పొద్దున్నే కప్పులు పట్టుకుని టీ కోసం నిలబడి ఉంటే, ఆవిడ వంట గుడారం వాకిట్లో గ్యాస్ సిలిండరు మీద కూర్చుని చేతులు కట్టుకుంది.

గొడవ జట్టు నాయకుడు హెన్రిక్‌తో. ఎర్రగడ్డం మనిషి. లోకంలో అన్నిటికన్నా ఎత్తైన చోమోలుంగ్మా శిఖరం రెండుసార్లు ఎక్కాడు, ఆ సంగతి మనం ఎక్కడ మర్చిపోతామో అని రోజుకోసారి గుర్తుచేసేవాడు. అతని జట్టులో ఒక పళ్ళ డాక్టరు, గుమ్మంలో పట్టనంత మనిషి, మూడు పూటలుగా కంచంలో సగం అన్నం వదిలేస్తున్నాడు. వదిన ఆ ఎంగిలి కంచం పట్టుకెళ్ళి హెన్రిక్ ముందు బల్ల మీద పెట్టింది.

"ఇతన్ని ఇవాళే కిందికి దింపండి" అంది.

షెర్పాలందరికీ పెద్ద గ్యాల్జెన్ పక్కన నిలబడి ఆ మాట హెన్రిక్‌కి అర్థమయ్యే భాషలో చెప్పాడు. హెన్రిక్ నవ్వాడు. "వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ప్రాణవాయువు చూశాం, అంకె బాగానే ఉంది. వంటావిడని వంట చూసుకోమను" అన్నాడు. గ్యాల్జెన్ దాన్ని మెత్తగా చేసి చెప్పబోయాడు కానీ, ఆ నవ్వు వదినకి అప్పటికే అర్థమైపోయింది.

"నీ క్లిప్పు వేలిని అడుగుతుంది, నేను కడుపుని అడుగుతా. వేలికి అబద్ధమాడటం వచ్చు. ఆ మనిషి బ్యాగు భుజాన వేసుకుని ఆ రాళ్ళదిబ్బ దాటి కనబడకుండా పోయేదాకా ఇక్కడ నీళ్ళు కూడా కాగవు."

"బెదిరిస్తోందా?"

"బెదిరించడం ఏంటి, పొయ్యి ఆర్పి కూర్చున్నా. కనబడట్లా?"

ఎనిమిదింటికి కప్పులతో చప్పుడు చేశారు. తొమ్మిదింటికి తిట్టుకున్నారు. పదింటికి ఏం జరిగిందంటే, జట్టువాళ్ళే పళ్ళ డాక్టరు గుడారంలో దూరి అతని సామాను సర్దేశారు. అతను దిబ్బ దాటాక వదిన అగ్గిపుల్ల గీసింది. హెన్రిక్ తన టీ తానే వచ్చి తీసుకున్నాడు, ఆవిడ మొహం చూడకుండా. ఆ డాక్టరు కిందున్న ఫెరిచే ఊరు చేరేసరికి దగ్గుతో నురగ కక్కుతున్నాడట. ఇంకొక్క రాత్రి పైన ఉంటే దక్కేవాడు కాదని అక్కడి ఆస్పత్రిలో అన్నారట. ఆ ఏటి నుంచి ఆ క్యాంపులో ఆవిడ మాటకి ఎదురు లేదు.

ఈ సంగతి విన్నవాళ్ళు ఆవిడకి దండం పెట్టాలంటారు. పెట్టుకోండి. నేను పెట్టను. నా పేరు ఫుర్దికి. ఛంజి నా పెద్దన్న పెళ్ళాం. ఆవిడ వండిన వంటశాలలో పంతొమ్మిది వసంతాలు కంచాలు కడిగాను. మూడో తరగతి దాకా చదువుకున్నాను, రాయడం వచ్చు. ఆవిడ గురించి రాయాల్సింది నేనే. మెచ్చుకునేవాళ్ళు రాస్తే సగం వదిలేస్తారు.

ఆవిడది థామే, ఎత్తున ఉండే షెర్పాల ఊరు. మా ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి రోజే మా అమ్మ పెట్టిన వెన్న టీలో ఉప్పు తక్కువైందని చెప్పింది. నిజంగానే తక్కువైంది, అది వేరే సంగతి. కొత్త కోడలు చెప్పకూడదు. అన్న బతికున్నన్నాళ్ళూ ఇద్దరూ ఆలుగడ్డ చేలో కూడా అరుచుకుంటూనే తవ్వేవాళ్ళు. అన్న ఇంకో కొండ మీద తాడు తెగి పోయాడు. అప్పుడావిడకి ముప్ఫై ఒకటి. ఏడ్చింది మా ఆచారం చెప్పిన నలభై తొమ్మిది రోజులు, లెక్కగా. యాభయ్యో రోజు బుట్ట వీపున వేసుకుని బేస్ క్యాంపుకి కంచాలు కడగడానికి పోయింది. ఆడది మంచు మీద వంటశాలలో పని చెయ్యడమేమిటని ఊళ్ళో అన్నారు. "అయితే మీరు రండి, నేను ఊళ్ళో కూర్చుంటా" అంది.

కంచాలు చూడటం ఆవిడకి ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాది కింది లోయల నుంచి వచ్చిన మోతగాడు ఒకడు ఉండేవాడు. మన కొండల వాడు కాదు, మన ఎత్తు తెలిసినవాడూ కాదు. వేడి ప్రాంతం మనిషి, పలచటి కోటు. పై దేశాల వాళ్ళకి ఆగి ఆగి ఎక్కండని అందరూ చెప్తారు. మోతగాళ్ళకి ఎవరు చెప్తారు? వాడు వచ్చిన రోజు నుంచి కంచం నిండుగా వెనక్కి పంపేవాడు. వదినకి అప్పుడు ఆకలెక్కువ, కడిగేవాళ్ళకి మిగిలిందే తిండి. మూడు పూటలు వాడి అన్నం ఆవిడే తిన్నది, సంతోషంగా. నాలుగో పూటకి వాడు గుడారంలోంచి లేవలేదు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి నాతో దెబ్బలాడుతూ, "నేను శవం అన్నం తిన్నదాన్నే, నాకు నువ్వు చెప్పొచ్చావా" అని నోరు జారింది. జారాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు, తప్పు నేను చేసినట్టు.

బేస్ క్యాంపంటే శిఖరం ఎక్కే చోటు అనుకుంటారు దూరంగా ఉన్నవాళ్ళు. అది కూర్చునే చోటు. ఒంటికి ఎత్తు అలవాటయ్యేదాకా ఆరు వారాలు కూర్చోవాలి. కొంచెం పైకి పోయి రావాలి, ఇంకొంచెం పోయి రావాలి, మళ్ళీ వచ్చి ఆ రాళ్ళ మీదే పడుకోవాలి. కింద మంచు పగిలి చప్పుడవుతుంటుంది. తలనొప్పి, నిద్ర పట్టదు, పెళ్ళాం ఉత్తరం చదివినా కోపం వస్తుంది. ఆ కొండకి మనుషులంటే ఇష్టం లేదు. ఉన్నట్టు నటించనైనా నటించదు. అక్కడ ఒళ్ళు మొదట కోల్పోయేది ఆకలి. వదిన అందుకే కంచం చూసేది. ఎవరి కంచం ఎవరిదో నేను కడిగే ముందు చూసి, మూడు పూటలు వరసగా మిగిలితే మనిషిని దింపేది. దొరా, కూలీ, లామా, ఎవరైనా ఒకటే.

నా తమ్ముడు జంగ్బూ అయినా.

వాడికి అప్పుడు ఇరవై ఆరు. శిఖరం దాకా వెళ్ళే జట్టులో మొదటిసారి పేరొచ్చింది. ఏడేళ్ళు మోతలు మోసి మోసి తెచ్చుకున్న పేరు. వదిన అన్నం మిగిలిన వాడి కంచం అందరి ముందూ ఎత్తి పట్టుకుంది.

"మరిదీ, నువ్వు దిగు."

"వదినా, నీ వంట బాలేదు. అంతే" అన్నాడు వాడు, నవ్వుతూనే.

"నా వంట నీకు పదేళ్ళుగా బాలేదు, అయినా నాకి తినేవాడివి. దిగు."

షెర్పా అయ్యుండి ఎత్తు తగిలిందట అని అక్కడ నవ్వారు. ఆ నవ్వు వాడి వెంట కింద లోబుచే దాకా, అక్కణ్ణుంచి ఊరి దాకా వెళ్ళింది. లోబుచేలో వాడు రెండు కంచాల అన్నం తిన్నాడు, ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఆ తర్వాత ఏ జట్టూ వాణ్ణి పిలవలేదు. ఇప్పుడు జడలబర్రెలు తోలుకుంటున్నాడు. నేను వదినని అడిగాను, వాడికి నిజంగా తగిలిందా అని. "బతికున్నాడుగా" అంది. ఎన్నేళ్ళు ఆలోచించినా నాకు అందులో జవాబు దొరకలేదు. దింపేసినవాడు బతికే ఉంటాడు. దింపకపోయినా బతికేవాడేమో ఎవడు చెప్తాడు? ఆవిడ తప్పు చేసినా ఎప్పటికీ బయటపడదు. నేను ఆవిడతో పనిచేస్తూనే ఉన్నాను, పలకరించడం మానేశాను. "ఉప్పు," "నీళ్ళు," "కంచం," ఇవే మా మాటలు. పదకొండేళ్ళు.

ఆవిడ ఆఖరి వసంతం గురించి ఇప్పుడు చెప్తాను.

అప్పటికి ఆవిడకి అరవై నాలుగు. మోకాలికి ఆపరేషనని ఆ ముందు శరత్కాలంలోనే ఖాట్మండూ పోయి, ఏడు నెలలు అక్కడే ఉండిపోయింది. కట్టు విప్పడం ఆలస్యమైంది. ఇక్కడేమో పూజకి లామా రోజు పెట్టేశాడు. రాళ్ళు పేర్చి, జెండాలు కట్టి, దేవతకి పొగ వేసి అనుమతి అడగందే మా వాళ్ళెవరూ మంచు మీద కాలు పెట్టరు. ఆ పూజకి పెట్టే త్సంపా, అంటే వేయించిన బార్లీ పిండి ముద్దలు ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేత్తోనే అయ్యాయి. ఇంకొకళ్ళ చెయ్యి పడటం ఆవిడకి ఇష్టం లేదు. లామా రోజు మార్చడు. ఆవిడేం చేసిందంటే, లుక్లా నుంచి సరుకు తెచ్చే హెలికాప్టర్‌లో బియ్యం బస్తాల మీద కూర్చుని ఒక్క పూటలో బేస్ క్యాంపులో దిగింది.

దారిలో నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఆగనివాణ్ణి క్యాంపులో అడుగు పెట్టనివ్వని మనిషి! ఏడు నెలలు నగరంలో ఉన్న ఒళ్ళు కొత్త ఒళ్ళే. అది మాకు తెలీదా? తెలుసు. తెలిసీ, మన రక్తానికి ఇవన్నీ అక్కర్లేదనుకుంటాం. తలనొప్పి దొరలకి వస్తుంది, కింది కొండల మోతగాళ్ళకి వస్తుంది, మనకి రాదు. ఈ పొగరు మా వాళ్ళలో చాలామంది ప్రాణాలు తీసింది. వదినకీ ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

ఆమెతోపాటు ఆ బస్తాల మీదే ఇద్దరు కుర్రవాళ్ళు దిగారు, తెంబా, ఉర్కెన్. చలికాలమంతా ఖాట్మండూలో కార్లు నడిపి వచ్చారు. గ్యాల్జెన్ వాళ్ళని కోప్పడితే, "ముసలమ్మే వచ్చింది, మాకేంటన్నా" అన్నారు. గ్యాల్జెన్ వాళ్ళ సామాను గుడారంలో పెట్టించాడు. ఛంజి వచ్చిందంటే ఇక రావచ్చన్నమాటే కదా.

పూజ రోజు వదిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అన్నారు అందరూ. పిండి ముద్ద ఒకటి వంకరగా వచ్చింది. మోకాలు నొప్పితో కూర్చోలేక అన్నారు. ఆవిడ దిగిన మూడో రోజు నేను ఒకటి చూశాను. ఆవిడ తన గిన్నె తానే కడుక్కుంది.

మీకిది చిన్న విషయం. పంతొమ్మిదేళ్ళలో ఆ మనిషి తన గిన్నె ఒక్కసారి కడుక్కున్నది లేదు. తిన్నచోటే వదిలేసి, నా వైపు ఒక చూపు పారేసి వెళ్ళేది. ఇప్పుడు చన్నీళ్ళలో చేతులు పెట్టి, గుడారం వెనక్కి తిరిగి, గిన్నె తోమి బోర్లించింది. మధ్యాహ్నం కూడా అంతే. సాయంత్రం సూపులో రెండుసార్లు ఉప్పు పడింది.

నాకు అర్థమైంది. అర్థమయ్యాక నేను ఒక రోజంతా ఊరుకున్నాను. అది రాయకపోతే ఇదంతా రాయడం దండగ. నాలుగో రోజు పొద్దున ఆవిడ మూడడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంటే నా కడుపులో చల్లగా ఉంది. పడు, అందరి ముందూ పడు, నా తమ్ముడు విన్న నవ్వు నువ్వూ విను అనుకున్నాను. ఆవిడ ఒకసారి కుర్చీ అనుకుని గాల్లో కూర్చోబోయింది. నేను చూసి కంచం తోముకున్నాను.

ఐదో రోజు పొద్దున ఆవిడ దగ్గులో తడి చప్పుడు వినబడింది. అది వేరే చప్పుడు, అక్కడ ఏళ్ళు గడిపినవాళ్ళకి తెలుస్తుంది. ఇక నోరు ఊరుకోలేదు.

"వదినా, నీ గిన్నె ఇటివ్వు."

పదకొండేళ్ళ తర్వాత నేను వదినా అనడం అదే మొదలు. ఆవిడ గిన్నె ఛాతీకి అదుముకుంది.

"కడిగేశా."

"ఎవరు కడగమన్నారు? జీతం నాది కదా."

"నీ చేతులు పగిలాయని జాలిపడ్డాలే."

"నీకు జాలా? అయితే నిజంగానే జబ్బు చేసింది. నీకు ఎత్తు తగిలింది. దిగు."

ఆవిడ మొహం చూడాలి. "ఏమే ఫుర్దికీ, నాకా? ఈ గాలి నా తొట్టెలో పీల్చానే నేను! తమ్ముడి కక్ష తీర్చుకోవడానికి ఈ రోజు దొరికిందా నీకు?"

"కక్ష ఉంది. లేదన్నానా? కక్ష ఉన్నా నీకు తగిలింది తగిలిందే."

అరుపులకి గ్యాల్జెన్ వచ్చాడు. నేను చెప్పాను, గిన్నె సంగతి, ఉప్పు సంగతి. అతను నన్నే కసురుకున్నాడు. "మీ ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోండి అక్కా. ఆవిడ చెప్తే మేం వింటాం. ఆవిడ గురించి నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు?" అతని తప్పు కాదు. పదకొండేళ్ళు క్యాంపంతా మా మౌనం చూసింది.

వదిన అప్పుడొక పని చేసింది. పెద్ద కంచంలో అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర కుప్పగా పెట్టుకుని, అందరూ కూర్చునే బల్ల దగ్గర నిలబడే తిన్నది. షెర్పాలంతా చూస్తున్నారు. తెంబా, ఉర్కెన్ చూస్తున్నారు. ఒక్కో ముద్దకి ఆవిడ మెడ నరాలు లేచాయి. అయినా ఆపలేదు. చివరికి కంచం నాకింది, నాకి నా ముందు పడేసింది.

"కడుగు" అంది.

అందరూ నవ్వారు. తెంబా ఈల వేశాడు. "చూశావా ఫుర్దికక్కా, మీ వదిన రాయి!" ఆ మాట అన్నవాడి కళ్ళ కింద కూడా వాపుంది. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఓడిపోయినదానికి ఇంకొకరి కళ్ళు కనబడతాయా?

ఆవిడ గుడారాల వెనక్కి నడిచింది, నిటారుగా. కాసేపటికి నల్ల కాకులు అటు వాలాయి. ఒకటి కాదు, పది. నేను వెళ్ళి చూశాను. తిన్నదంతా రాళ్ళ మీద ఉంది, కాకులు పోట్లాడుకుంటున్నాయి. నిన్నటిదీ, మొన్నటిదీ కూడా గడ్డకట్టి అక్కడే ఉంది. ఆవిడ రాయికి ఆనుకుని, కాకుల్ని తోలడానికి చెయ్యెత్తి, ఎత్తలేక దించేసింది. పెదవుల రంగు నేరేడు పండు.

"అరవకు" అంది.

నేను అరిచాను. గొంతు పగిలేలా అరిచాను.

గ్యాల్జెన్ పరుగెత్తుకొచ్చి కాకుల్ని చూశాడు, కిందున్నది చూశాడు, ఇంక నన్నేమీ అడగలేదు. ఎత్తు తలకెక్కిందో లేదో చూడ్డానికి మంచు మీద కర్రతో గీత గీసి ఆవిణ్ణి దాని మీద మడమకి వేళ్ళు ఆనించి నడవమన్నాడు. నాలుగడుగులు వేసింది. ఐదోది పక్కకి పడింది, మనిషి కూడా. మధ్యాహ్నానికే మబ్బు దిగిపోయింది, హెలికాప్టర్ రాదన్నారు. ప్రాణవాయువు సీసా తగిలించారు. మోతబుట్ట ఒక పక్క కోసేసి, కాళ్ళు బయటికి వచ్చేలా ఆవిణ్ణి కూర్చోబెట్టి, నలుగురు మార్చుకుంటూ వీపు మీద మోసుకుపోవాలని లేచారు. తను ఎందరినో అలా కూర్చోబెట్టిన మనిషి. మోసేవాడు నుదుటి పట్టీ సర్దుకుంటుంటే, "వంగి లే, వెధవా, నడుం పోతుంది" అని వాణ్ణి తిట్టింది, దగ్గుల మధ్యలో.

గ్యాల్జెన్ గుమిగూడినవాళ్ళతో చెప్తున్నాడు. "మోకాలు తిరగబెట్టింది. ఆపరేషన్ చేసిన మోకాలు కదా. పదండి, పనులు చూసుకోండి." పెద్దావిడ పరువు కాపాడుతున్నాననుకున్నాడు పాపం. తెంబా, ఉర్కెన్ తలలూపారు. మరునాడు మంచు మీద మొదటి మోత వాళ్ళదేనని అప్పటికే నిర్ణయమైంది.

ఛంజి వదిన బతికింది. ఫెరిచేలో ఆరు రోజులుంచారు, తర్వాత థామే పోయింది. ఇప్పుడు కనబడితే నా వైపు గడ్డం ఎత్తుతుంది, పలకరింపనుకోవాలి. నాకూ అంతకన్నా అక్కర్లేదు. కానీ ఆ మధ్యాహ్నం ప్రాణాలతో ఫెరిచే చేరుతుందని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. బుట్ట లేవబోతుండగా మూతి మీది గొట్టం పక్కకి లాగి, నా చేతి గుడ్డ పట్టుకుని దగ్గరికి గుంజింది.

"వినవే. గ్యాల్జెన్ మోకాలంటున్నాడు, విన్నావా? మర్యాదస్తుడు. వాడి మర్యాదకి ఆ ఇద్దరు పిల్లలు రేపు మంచు మీద చస్తారు. నీకు మర్యాద లేదు. నువ్వు పో. ఒక్క గుడారం వదలకుండా ముందు నిలబడి అరువు. ఛంజికి ఎత్తు తగిలిందని చెప్పు. ఐదు రోజులు దాచిందని, అబద్ధమాడిందని, కక్కి కక్కి కాకులకి పెట్టిందని చెప్పు. థామేలో పుట్టినదానికే తగిలిందని చెప్పు. నవ్వనీ. నీ కడుపులో నా మీద ఎంత మంటుందో అంతా కలిపి చెప్పు, ఒక్క ముక్క తగ్గించకు."